ఒక్క ఫోనుకి ఐదు ఓటీపీలు

“ఇంకోటి వచ్చింది చూడు బాబాయ్, అది గూడా చెప్పు,” అన్నాను, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

ఇస్సాకు బాబాయ్ తన బటన్ల ఫోన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, అంకెలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాడు. అది నాలుగోది.

“ఏందమ్మే, గ్యాస్ బండ ఇచ్చేటప్పుడు ఒక్క నంబరే అడుగుతాడు. ఫోనుకి ఇన్నా?”

“ఖరీదైన వస్తువు గదా బాబాయ్. నాలుగైదు తాళాలు ఏస్తారు.”

“అట్టాగా. మంచిదేలే, జాగ్రత్త గదా,” అని నవ్వి ఐదోది కూడా చదివాడు.

తాళాల మాట నేను కల్పించి చెప్పిందే. రోజుకి పదిసార్లు చెప్పే అబద్ధం కాబట్టి నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. ఆయన మాత్రం నమ్మాడు. పక్కన నిలబడ్డ కూతురు కెజియాతో, “చూశావా, మన రూతమ్మ ఎంత జాగ్రత్తగా చేస్తందో,” అని కూడా అన్నాడు.

నా ఉద్యోగం ఏంటంటే

నరసరావుపేటని మా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళం పేట అనే అంటాం. పేటలో పల్నాడు రోడ్డు మీద టీవీలు, ఫ్రిజ్‌లు, ఫోన్లు అమ్మే ఒక షాపులో ఆరేళ్ళు ఫైనాన్స్ కౌంటర్లో కూర్చున్నాను. వాయిదాల మీద కొనేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఆధార్ కార్డు, పాన్ కార్డు తీసుకుని, ఫైనాన్స్ కంపెనీల యాప్‌లలో వాళ్ళ పేరు ఎక్కించి, లోన్ వచ్చేలా చూడటం నా పని. నేను చదివింది ఇంటర్. ఇరవై ఒకటో ఏట చేరాను, ఇరవయ్యేడో ఏట మానేశాను. రిటైరయ్యానే అమ్మా అంటే, “పింఛనెంతొస్తందే తల్లీ?” అని మా అమ్మ ఎగతాళి చేస్తుంది.

మొన్న మా వీధిలో ఒకమ్మాయి అలాంటి కౌంటర్లోనే చేరబోతూ, “అక్కా, పనెట్టా ఉండిద్ది?” అని అడిగింది. నేను మొదలుపెడితే ఆపనని మా ఊళ్ళో అందరికీ తెలుసు. గంటసేపు విని, “ఇదంతా నాకు గుర్తుండదక్కా, రాసియ్యి,” అంది. అందుకే రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం ఏ ఫైల్లో పెట్టాలి లాంటివి రాయను. అవి వారంలో వచ్చేస్తాయి. షాపులో ఎవరూ చెప్పనిది ఒకటుంది, దాని గురించే రాస్తాను.

చల్లటం

మా షాపు ఓనరు శేషగిరి గారు. వాళ్ళ తాతల నుంచి పేటలో వ్యాపారమే. నేను చేరిన మొదటి వారంలో ఒకాయనకి ఫ్రిజ్ లోన్ పెట్టాను. ఆ కంపెనీ కాదంది. ఆయన లేచి వెళ్ళిపోయి ఎదురు షాపులో కొనుక్కున్నాడు. శేషగిరి గారు తిట్టలేదు, నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

“అమ్మాయ్, మీ వాళ్ళు పత్తి ఏస్తారా?”

“కౌలుకి ఏస్తాం సార్.”

“గుంటకి ఒక్క గింజే ఏసి పూడ్చి వస్తారా?”

“లేదు సార్, రెండు మూడు ఏస్తాం.”

“ఎందుకని?”

“ఒకటి మొలవకపోతే ఇంకోటి మొలుస్తదని.”

“అదీ. ఇదీ అంతే. ఒక్క కంపెనీని నమ్ముకుంటే మనిషి లేచిపోతాడు. కార్డులు చేతిలోకి రాంగానే ఐదింటికీ ఒకేసారి చల్లు. ఏదో ఒకటి మొలిచిద్ది. మొలిచిందాన్ని పట్టుకో.”

నాకు వెంటనే ఎక్కేసింది. చిన్నప్పుడు సెలవుల్లో గుంటల్లో గింజలు వేసినదాన్ని, ఇంకో ఉదాహరణతో చెప్పి ఉంటే ఇంత బాగా ఎక్కేది కాదేమో. ఆ రోజు నుంచి మా షాపులో ఆ పని పేరు చల్లటం. “ఆ టీవీ ఆయనకి చల్లావా?” “చల్లాను సార్, రెండు మొలిచినయ్.” ఇలా ఉండేవి మా మాటలు. ఒక్కో కంపెనీకి ఒక్కో ఓటీపీ వస్తుంది. కొనేవాళ్ళు అదంతా ఒకటే ఫారం అనుకుంటారు. ఐదు వేర్వేరు చోట్ల అప్పు అడిగినట్టు వాళ్ళకి తెలియదు. ఎవరూ చెప్పరు.

శేషగిరి గారు చెడ్డమనిషని రాస్తే నాకు సులువు. కానీ మా అమ్మ కంటి ఆపరేషనప్పుడు నేను అడక్కుండానే రెండు నెలల జీతం ముందే చేతిలో పెట్టిన మనిషి ఆయన. షాపుకి వచ్చిన వాడు వట్టిచేతుల్తో పోకూడదు, ఇదే ఆయన లోకం. వాడు బయటికి వెళ్ళాక వాడి పేరు ఏమవుతుందన్నది ఆయన లోకంలో లేదు. నా లోకంలోనూ లేదు మరి.

ఇస్సాకు బాబాయ్ ఫోను

ఇస్సాకు బాబాయ్‌ది మా ఊరే, మా చర్చే. రక్తసంబంధం లేదు, ఊరి వరస. మా ఊరికీ పేటకీ మధ్య షేర్ ఆటో నడిపేవాడు. బండి ఆయనది కాదు. ఒక రెడ్డిగారి దగ్గర రోజు బాడుగకి తీసుకున్నది. ఆరేళ్ళూ పొద్దున నేను షాపుకి వెళ్ళింది ఆ ఆటోలోనే. అప్పటిదాకా ఒక్కరోజు కూడా నా దగ్గర టికెట్టు డబ్బులు తీసుకోలేదు. ఇరవై రూపాయలు తీసి ఇవ్వబోతే చెయ్యి నెట్టేసేవాడు. “మన పిల్ల పేటలో కంప్యూటర్ ముందు కూర్చుంటంది, ఆ అమ్మాయి దగ్గర డబ్బులేందిరా?” అని మిగతా వాళ్ళకి వినబడేలా అనేవాడు. నాకు సిగ్గూ, గర్వమూ రెండూ.

ఆయన కోరిక ఒకటే, సొంత ఆటో. మొదట కట్టాల్సిన సొమ్ము కోసం మూడేళ్ళుగా చీటీ కట్టి అరవై వేలు పోగేశాడు. మిగతాది బ్యాంకులో లోన్ పెడతానని దారి పొడుగునా చెప్పేవాడు. ఈలోగా కెజియాకి కాలేజీలో ఫోను తప్పనిసరి అన్నారు. పద్నాలుగు వేల ఫోను. ఆయన ఆ అరవై వేలలోంచే తీసి కొందామని డబ్బు కట్ట జేబులో పెట్టుకునే వచ్చాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. డబ్బు ఆయన జేబులో ఉంది.

“ఆ డబ్బులు కదిలియ్యమాక బాబాయ్,” అన్నది నేను. “ఆటోకి దాచుకున్నయ్ గదా. వాయిదాల్లో తీసుకో, నెలకి పన్నెండొందలు.”

ఆయన మంచికే చెప్పాననుకున్నాను. ఒక్కో లోన్‌కి నాకు రెండొందలు కమీషన్ వస్తుందన్నది కూడా ఆ మంచిలో కలిసి ఉంది. ఎంత భాగం మంచి, ఎంత భాగం రెండొందలు అని ఇప్పుడు అడిగితే నేను చెప్పలేను.

ఐదు చోట్ల చల్లాను. మూడు మొలిచాయి. ఒకటి పట్టుకున్నాను.

కాదన్న బ్యాంకు

ఫోను కొన్న మూడు వారాలకి రెడ్డిగారు బాబాయ్‌ని పిలిచి, నెలాఖరుకి ఆటో అమ్మేస్తున్నానని చెప్పాడు. ఊళ్ళో బాడుగకి వేరే ఆటో లేదు. నెలాఖరులోపు సొంత బండి వస్తే రోడ్డు మీద ఉంటాడు, రాకపోతే ఆ దారిలో వేరే వాళ్ళ బండి తిరుగుతుంది. బాబాయ్ భయపడలేదు. అరవై వేలు ఉన్నాయిగా. బ్యాంకుకి వెళ్ళి అర్జీ పెట్టాడు. వారానికి కాదన్నారు.

నేరుగా నా కౌంటర్‌కి వచ్చాడు.

“ఏందో స్కోరంట, తగ్గిందంట. నేనెవురికీ బాకీ లేనే అమ్మాయ్? అప్పుడెప్పుడో కుట్టుమిషనుకి తీసుకున్నది గూడా ఒక్క వాయిదా తప్పకుండా కట్టానే?”

ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. మొదటిదానికంటే పెద్దది. మా కౌంటర్లో ఆరేళ్ళు పనిచేసిన మనిషి తప్ప ఇంకెవరూ చేయని తప్పు. ఎందుకు కాదన్నారో వెళ్ళి కనుక్కుందామని నాకు తోచనే లేదు. కాదంటే ఇంకోచోట వేయటమే నాకు తెలిసిన మందు.

“ఆ బ్యాంకు కాకపోతే నలభై ఉన్నయ్ బాబాయ్. కూర్చో, ఇప్పుడే ఏస్తా.”

వాహనాల లోన్లు ఇచ్చే నాలుగు కంపెనీలకి అక్కడికక్కడే వేశాను. పైగా కమీషన్ వద్దనుకుని, సేవ చేస్తున్నాననుకుంటూ. బాబాయ్ మళ్ళీ ఓటీపీలు చదివాడు. ఈసారి ఎందుకిన్ని అని అడగలేదు. అలవాటు పడ్డాడు.

నాలుగూ కాదన్నాయి.

మేడం తిప్పి చూపించిన స్క్రీను

నెల ఇంకో ఐదు రోజుల్లో అయిపోతుందనగా, మధ్యాహ్నం అన్నం మానేసి బాబాయ్‌తో పాటు మొదట కాదన్న బ్యాంకుకే వెళ్ళాను. లోన్లు చూసే మేడం నా వయసుదే. ఓపికగానే మాట్లాడింది. కంప్యూటర్ స్క్రీను మా వైపు తిప్పింది.

“ఈయన వాయిదాలు కట్టటంలో తప్పేం లేదండీ. ఇవి చూడండి.”

వరసగా ఐదు పేర్లు. ఐదింటికీ ఒకటే తేదీ. ఐదింటి పక్కనా ఒకటే అంకె, పద్నాలుగు వేలు. కింద వాళ్ళ బ్యాంకు పేరు. దాని కింద నేను వేసిన నాలుగు.

“ఎవరైనా లోన్‌కి అర్జీ పెడితే, ఇచ్చేవాళ్ళు ఈయన అప్పుల చిట్టా తెరిచి చూస్తారు. చూసినట్టు ఇందులో పడుతుంది. ఒకటీ అరా పడితే పెద్దగా ఏం కాదు. పద్నాలుగు వేల కోసం ఒకే రోజు ఐదుచోట్ల అడిగాడంటే మాకేమనిపిస్తుంది? చేతిలో పైసా లేదు, కనబడ్డ వాళ్ళనల్లా అడుగుతున్నాడు అనిపిస్తుంది. స్కోరు లెక్కకట్టే మిషనుకీ అలాగే అనిపిస్తుంది. పైగా ఈయనకి పాత అప్పులు ఎక్కువ లేవు. చిట్టా చిన్నదైతే దెబ్బ పెద్దగా కనబడుతుంది.”

“ఆయన దగ్గర డబ్బులున్నాయండీ, జేబులోనే ఉన్నాయి,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

“జేబు ఇందులో కనబడదుగా. మొదటిసారి కొంచెంలోనే పోయింది. అప్పుడే వచ్చి ఎందుకని అడిగుంటే, మేనేజర్ గారితో మాట్లాడి చూసేవాళ్ళం. ఆ తర్వాత ఇంకో నాలుగుచోట్ల వేసుకున్నారు. ఇప్పుడు నేనేం చేయలేను. ఒక ఆరు నెలలు ఎక్కడా అర్జీ పెట్టకుండా, ఆ ఫోను వాయిదాలు సరిగ్గా కట్టుకుని రండి. లేస్తుంది.”

ఆరు నెలలు. మాకున్నవి ఐదు రోజులు.

మేడం ఇవన్నీ సగానికి పైగా ఇంగ్లీషులోనే చెప్పింది, బాబాయ్‌కి అర్థం కాలేదు. బయటికి వచ్చాక మెట్ల మీద నా ముఖం చూసి అడిగాడు.

“ఏందంట అమ్మాయ్?”

“కంప్యూటర్లో ఏందో సమస్యంట బాబాయ్.”

“మనోళ్ళ కర్మ అంతేలే. నువ్వేం దిగులు పడమాక, అన్నం గూడా తినలా నువ్వు,” అని బండి దగ్గర అరటిపళ్ళు కొనిచ్చాడు.

నేను తిన్నాను.

శేషగిరి గారు ఏమన్నారంటే

ఆ సాయంత్రం షాపులో నేను అడిగేశాను. “సార్, మనం చల్లబట్టే మా ఇస్సాకు బాబాయ్ ఆటో లోన్ పోయింది. మనకి ముందే తెలుసా స్కోరు పడిపోద్దని?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “స్కోరన్నాక పడిద్ది, లేసిద్ది. వర్షం లాంటిది.”

“ఆయనకి ఈ నెలే కావాలి సార్.”

“అమ్మాయ్, ఓటీపీ ఎవురు చెప్పారు?”

“ఆయనే.”

“ఎన్ని చెప్పాడు?”

“ఐదు.”

“మనమేమన్నా ఆయన జేబులోంచి లాక్కున్నామా? ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు. ఫోను కావాలని వచ్చాడు, ఫోను తీసుకుపోయాడు. ఇంకేంది?”

అందులో ఒక్కమాట కూడా అబద్ధం కాదు, అదే మండింది. ఆయన నోటితోనే ఒప్పుకున్నాడు. ఒప్పించింది మాత్రం ఆయన్ని ముద్దుగా బాబాయ్ అని పిలిచిన నా నోరు.

“పత్తిలో రెండు మొలిస్తే ఒకటి పీకేస్తాం సార్. వీటిని పీకటానికి లేదంట,” అన్నాను.

“అయితే కౌంటర్లో కూర్చోమాక, పొలం పో,” అన్నారు. కోపంగా కూడా కాదు, నవ్వుతూ. కౌంటర్ దగ్గర అప్పటికే ఒక వాషింగ్ మిషన్ ఆవిడ కార్డులు పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు ఆవిడకి కూడా నేను ఐదుచోట్లే వేశాను. ఇది రాయకపోతే మిగతాదంతా రాయటం దండగ.

మీరు కూర్చోబోయే కుర్చీ గురించి

ఇంకో పది రోజులు చేసి మానేశాను. మీరు మానేయమని చెప్పను. మీకు ఇల్లు గడవాలి. నేను మానేస్తే ఆ కుర్చీ ఒక్కపూట కూడా ఖాళీగా లేదు.

కానీ ఇది తెలిసి కూర్చోండి. మీరు ఒక్కసారి బటన్ నొక్కితే ఎదుటి మనిషి చిట్టాలో ఒక గీత పడుతుంది. ఒక్క గీత వల్ల ఎవరి కొంపా మునగదు, కొన్ని నెలలకి దాని పదును తగ్గిపోతుంది. ఒకేసారి నాలుగైదు పడితేనే ప్రాణం మీదికి వస్తుంది, అదీ పేదవాడికి. చిట్టా నిండా అప్పులు తీసుకుని తీర్చిన పెద్దవాడికి అవి ఆనవు. తన స్కోరు తాను చూసుకుంటే తగ్గుతుందని చాలామంది భయపడతారు. తగ్గదు. ఏడాదికి ఒకసారి పూర్తి చిట్టా ఉచితంగానే ఇస్తారు. అది ముందు చూసి, లోన్ వచ్చే అవకాశం ఎక్కడుందో అక్కడ ఒక్కచోట వేయండి. కాదంటే ఆగి, ఎందుకు కాదన్నారో అడగండి. ఇంకోటి నొక్కకండి. ఇల్లో, బండో కొనబోతున్న వాళ్ళయితే ఆ ముందు నెలల్లో ఫోనుకీ మిక్సీకీ అర్జీ పెట్టొద్దని చెప్పండి. చెబితే మీ రెండొందలు పోతాయి. అది కూడా తెలిసే చెప్పండి.

మేడం చెప్పినట్టే ఇస్సాకు బాబాయ్ స్కోరు లేచింది. ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఆటో లేక, ఆ అరవై వేలు బియ్యానికీ కెజియా ఫీజుకీ అయిపోయాయి. లోన్ ఇస్తామన్నారు, మొదట కట్టాల్సిన డబ్బు లేదు. ఇప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోస్తున్నాడు. కెజియా ఫోను మాత్రం బాగానే పనిచేస్తోంది. వాయిదాలు ఒక్కటీ తప్పలేదు.

నెలాఖరు

రెడ్డిగారి ఆటోకి రేపే చివరి రోజని ఇస్సాకు బాబాయ్ భార్య సువార్త పిన్ని ముందురోజు సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పింది. “మీ బాబాయ్ నీ గురించే అంటన్నాడు. పాపం రూతమ్మ మనకోసం చానా తిరిగిందని,” అంది. మా అమ్మ కాఫీ ఇచ్చింది. నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున మొదటి ట్రిప్పుకి ముందే వెళ్ళాను. బాబాయ్ ఆటో అద్దం తుడుస్తున్నాడు. ఎవరికో అప్పగించబోయే బండి, కొత్తదానిలా మెరుస్తోంది. అంతా చెప్పాను. తాళాలు కావని, ఐదుచోట్ల అప్పు అడిగించానని, తర్వాత నాలుగు కూడా నా చేత్తోనే అని, మేడం చెప్పింది కంప్యూటర్ సమస్య కాదని. ఆయన గుడ్డ ఆపలేదు. అద్దం మొత్తం అయ్యేదాకా తుడిచాడు.

“ఫోనుకి నీకెంతొచ్చింది?”

“రెండొందలు.”

“ఐదింటికా?”

“కాదు బాబాయ్. ఒక్కదానికే వచ్చిద్ది.”

“మరి మిగతా నాలుగు ఎందుకమ్మే?”

జనం వచ్చారు. “ఎక్కు, టైమైంది,” అన్నాడు, నా వైపు చూడకుండా. దారిలో ఎవరో పాట పెట్టమంటే టేపు చెడిపోయిందన్నాడు.

షాపు దగ్గర దిగి ముప్పై రూపాయలు ఇవ్వబోయాను. చెయ్యి నెట్టేస్తాడని ఇంకా ఎక్కడో ఆశ.

తీసుకున్నాడు. చొక్కా జేబులోంచి పది తీసి తిరిగిచ్చాడు.

నేను ఆ పది లెక్క చూసుకున్నట్టు చూసి, పర్సులో పెట్టుకున్నాను.